తల్లిదండ్రుల డిప్రెషన్ తగ్గితే పసిపిల్లలు వాళ్లంతట వాళ్లే కుదుటపడతారా?

తొలిఅడుగు (చర్చ మొదలుపెట్టినవారు)

ఆరేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో అమ్మకో నాన్నకో డిప్రెషన్ వస్తే రెండు వాదాలు వినిపిస్తాయి. పెద్దవాళ్లకి సరైన వైద్యం చేయిస్తే పిల్లల సంగతి అదే సర్దుకుంటుందన్నది ఒకటి. వైద్యం చాలదు, పిల్లల కోసం విడిగా పని మొదలుపెట్టాల్సిందే అన్నది రెండోది. టైమూ ఓపికా అంతంతమాత్రంగా ఉన్న ఇంట్లో దేనికి పెద్దపీట వెయ్యాలి? ధైర్యంగా ఉండండి, అన్నీ సర్దుకుంటాయి అనే సలహాలు మాత్రం వద్దు.

మందుచీటీ

వైద్యమే ముందు. 2006లో అమెరికాలో మిర్నా వైస్‌మన్ బృందం ప్రచురించిన అధ్యయనం చూడండి. మూడు నెలల మందులతో డిప్రెషన్ పూర్తిగా తగ్గిన తల్లుల పిల్లల్లో మానసిక సమస్యలు తగ్గాయి, తగ్గని తల్లుల పిల్లల్లో పెరిగాయి. తల్లిలో డిప్రెషన్ లక్షణాలు కనీసం సగానికి తగ్గితేనే పిల్లల్లో మార్పు కనబడింది. అంటే ఏదో కాస్త నయం అన్న దగ్గర ఆగిపోతే పిల్లలకి ఒరిగేదేమీ లేదు.

చాలా ఇళ్లలో బెడిసికొట్టేది ఇక్కడే. మందు పనిచెయ్యడం మొదలవడానికి కొన్ని వారాలు పడుతుంది. రెండో వారంలోనే 'పనిచెయ్యట్లేదు' అని కొందరు, మూడో నెలలో 'బాగానే ఉన్నాగా' అని కొందరు మానేస్తారు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మోతాదు మెల్లగా దించాలి. 'ఎలా ఉంది?' అని అడిగితే 'పర్లేదు' అనే అంటారు కాబట్టి రెండు వారాలకోసారి పీహెచ్‌క్యూ-9 నింపించండి. అది డిప్రెషన్ తీవ్రతని కొలిచే 27 మార్కుల ప్రశ్నావళి, మార్కులు ఎక్కువైతే డిప్రెషన్ ఎక్కువని. 18తో మొదలైనవారు 9కి వస్తే సగం దారి, 5 కంటే తక్కువైతే తగ్గినట్టు.

బొమ్మలపెట్టె

మందుచీటీ గారూ, ఆ అధ్యయనంలో పిల్లల వయసు 7 నుంచి 17. ఇక్కడ ప్రశ్న బడికి కూడా వెళ్లని పిల్లల గురించి. 2007లో ఫోర్మన్, ఓహారా బృందం కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చిన తల్లుల మీద చేసిన అధ్యయనంలో, కౌన్సెలింగ్‌తో తల్లి మనసు తేలికపడింది. బిడ్డతో మెలిగే తీరు మాత్రం పెద్దగా మారలేదు.

ఎందుకో అర్థం చేసుకోవడం కష్టం కాదు. బిడ్డ ఊ కొడుతుంది, అమ్మ తిరిగి ఊ కొడుతుంది. డిప్రెషన్‌లో ఆ జవాబు ఆలస్యమవుతుంది, లేదా రాదు. ఎడ్వర్డ్ ట్రానిక్ 1970ల్లో చేసిన ప్రయోగంలో తల్లి రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుంటే చాలు, బిడ్డ నవ్వి, చేతులు చాచి, చివరికి ముఖం తిప్పేసుకుంటుంది. నెలల తరబడి అదే జరిగితే బిడ్డ పిలవడం తగ్గిస్తుంది. తర్వాత అమ్మ కోలుకున్నా పిలుపు లేదు కాబట్టి జవాబూ లేదు. ఆ అలవాటుని మళ్లీ పని కట్టుకుని మొదలుపెట్టాలి, మాత్ర దాన్ని తెచ్చిపెట్టదు.

చెయ్యాల్సింది చిన్నదే. రోజుకి పది నిమిషాలు, కుదరకపోతే ఐదు. ఫోను వేరే గదిలో. ఆట బిడ్డే ఎంచుకోవాలి. పెద్దవాళ్లు చూసింది చూసినట్టు చెప్పాలి: 'ఎర్రది పైన పెట్టావు, అది పడిపోయింది.' 'ఇదేం రంగు?' అని పరీక్షలు పెట్టొద్దు. డిప్రెషన్ ఉన్న చాలామందికి పొద్దున్నే బరువెక్కువ, కాబట్టి సాయంత్రం పెట్టుకోండి. ఈ పని తెలిసినవాళ్లు పక్కనుంటే మూడు నిమిషాల వీడియో తీసి, బిడ్డ నవ్వితే అమ్మ తిరిగి నవ్విన చోట ఆపి చూపించండి. ఒంటరిగా చూస్తే మాత్రం ఆ వీడియో తప్పుల చిట్టాలా తయారవుతుంది.

లెక్కసరి

వీడియో గురించి ఒక మాట. 2018లో అలన్ స్టీన్ బృందం ఇంగ్లండ్‌లో దాన్నే పరీక్షించింది. కాన్పు తర్వాత డిప్రెషన్ ఉన్న తల్లులందరికీ ఇంటికే వెళ్లి సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) ఇచ్చారు. సగం మందికి దానితోపాటు వీడియో శిక్షణ, మిగతా సగానికి కండరాలు వదులు చేసే వ్యాయామం. రెండేళ్లు వచ్చేసరికి రెండు వైపులా పిల్లలు మామూలుగానే ఎదిగారు, చెప్పుకోదగ్గ తేడా లేదు. మందుచీటీ గారు దీన్ని తన ఖాతాలో వేసుకోకముందే చెప్తున్నా: చికిత్సే అందని గుంపు ఆ పరీక్షలో లేదు. కాబట్టి సీబీటీయే పిల్లల్ని కాపాడిందని కూడా తేల్చలేం.

పలకాబలపం

వీడియో, మాత్ర సరే. మూడేళ్లు దాటిన బిడ్డకి ఏం చెప్తున్నారు? ఎవరూ ఏమీ చెప్పకపోతే ఆ వయసు పిల్లలు కారణం తామే అనుకుంటారు. పాలు ఒలకబోసిన రోజు అమ్మ ఏడిస్తే, ఆ రెంటికీ ముడి పడిపోతుంది.

ముందు ఇంట్లో పెద్దలిద్దరూ ఒకే మాట అనుకోవాలి. పడుకునే వేళ కాదు, పగలు, బొమ్మ గీస్తూనో ఆడుతూనో ఉన్నప్పుడు చెప్పాలి. ఇంతే చాలు:

'అమ్మకి డిప్రెషన్ అనే జబ్బు చేసింది. అందుకే ఎక్కువ ఏడుస్తోంది, ఆడలేకపోతోంది. అది నీ వల్ల రాలేదు. నువ్వు తగ్గించక్కర్లేదు, డాక్టరు చూస్తున్నారు. జలుబులాగా నీకు అంటుకోదు. రేపు నీకు స్నానం నాన్న చేయిస్తాడు.'

ఆఖరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. బిడ్డకి కావాల్సింది అదే. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న వేస్తే అర్థం కాలేదని కాదు, జవాబు మారిందేమో చూసుకుంటోంది. అవే మాటలు మళ్లీ చెప్పండి.

'అమ్మ అలసిపోయింది' అనొద్దు. నిద్ర లేచాక బాగుంటుందని ఎదురుచూస్తారు, రేపు నిజంగా అలసిపోతే భయపడతారు. 'నువ్వు అల్లరి చెయ్యకపోతే అమ్మకి తగ్గుతుంది' అన్న మాట మరీ ఘోరం. మాట్లాడకుండా ఒదిగి కూర్చుని, అమ్మ ముఖం చూస్తూ, మాత్రలు తెచ్చిచ్చే ఐదేళ్ల బిడ్డని అందరూ బుద్ధిమంతురాలంటారు. నా దృష్టిలో ముందుగా చూడాల్సింది ఆ పిల్లనే. ఆట మానెయ్యడం, పోయిన పక్క తడపడం మళ్లీ రావడం, నిద్ర చెదరడం రెండు వారాలు దాటితే పిల్లల డాక్టరుకి చూపించాలి.

మందుచీటీ

వయసు విషయంలో బొమ్మలపెట్టె గారిదే పైచేయి. కానీ మంచం దిగలేని మనిషికి 'రోజూ పది నిమిషాలు ఆడు' అని పని అప్పగిస్తే, చెయ్యలేని రోజున ఇంకో అపరాధభావం జమవుతుంది. మొదటి నాలుగు వారాలు అది ఆ ఇంట్లో రెండో పెద్దమనిషి పని కావాలి.

ఇంకోటి, మాత్రలు తెచ్చిచ్చే బిడ్డ అన్నారు కదా. మాత్రలు తాళంలోనే ఉండాలి. అమిట్రిప్టిలిన్ లాంటి పాత రకం మందులు చిన్నపిల్లలకి కొన్ని మింగినా ప్రాణం మీదకి వస్తాయి.

బొమ్మలపెట్టె

నాలుగు వారాలు రెండో మనిషి చెయ్యడం ఒప్పుకుంటాను, అమ్మ ఆ గదిలోనే ఉంటే. పక్కన పడుకుని చూస్తున్నా సరే. బిడ్డని పూర్తిగా అవతలికి తీసుకెళ్లిపోతే అమ్మని చూడకుండా ఉండటానికి అలవాటు పడుతుంది, అమ్మకేమో 'నేను లేకపోతేనే వీళ్లు బాగుంటారు' అన్న ఆలోచన బలపడుతుంది. ఆ మాట నోట వస్తే ఆటల సంగతి పక్కన పెట్టండి. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న, కాన్పైన తల్లుల కోసం వాడే ఎడిన్‌బరా ప్రశ్నావళిలో పదో ప్రశ్న అడిగేది చావు, హాని ఆలోచనల గురించే. మొత్తం మార్కులు ఎంత తక్కువున్నా, ఆ ఒక్కదానికి సున్నా కాక వేరే ఏది వచ్చినా అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి.