పదిహేడేళ్ళ కొడుకు ఆర్సీఎంలో (రోమన్ కథోలిక సంఘంలో) చేరతానంటే ఒప్పుకోవాలా, ఆపాలా?

కోటవీధి మాస్టారు:
మాది విజయనగరం. గవర్నమెంటు బడిలో లెక్కలు చెప్తాను. మావాడికి పదిహేడేళ్ళు, ఇంటర్ సెకండియర్. పదో తరగతి దాకా కాన్వెంటులో చదివాడు. దసరా సెలవుల్లో పెన్సిలు కోసం వాడి జామెట్రీ బాక్సు తెరిస్తే కంపాస్ కింద నీలం పూసల జపమాల కనబడింది. అడిగితే దాచలేదు. "రెండేళ్ళుగా ఆదివారం ట్యూషన్ అని చెప్పి పూజకి వెళ్తున్నాను నాన్నా. జ్ఞానస్నానం తీసుకుని క్రైస్తవుణ్ణవుతాను" అన్నాడు. చర్చిలో జరిగేదాన్ని కూడా పూజే అంటారని నాకు అప్పుడే తెలిసింది.

వాళ్ళమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. ఆ తర్వాత వారమే పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఇక వీడు గుమ్మం దాటడనుకున్నాం. వాడే మా అమ్మ చెయ్యి పట్టుకుని మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలోంచి దాటించాడు. సిరిమాను మీదికి అరటిపండు విసరమంటే మాత్రం పండు ఆవిడ చేతిలోనే పెట్టి "నువ్వు విసురు మామ్మా" అన్నాడు. "ఒరే గుంటడా, పైడితల్లి నీకేటి తక్కువ సేసిందిరా?" అని అడిగింది మా అమ్మ. "ఏమీ తక్కువ చెయ్యలేదు మామ్మా" అన్నాడు. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు.

నాకు వాడొక్కడే కొడుకు. "రేపు నాకు తలకొరివి ఎవడు పెడతాడ్రా?" అని అరిచాను. అరిచినందుకు సిగ్గుగానే ఉంది. పద్దెనిమిది నిండేదాకా ఆగమనడం న్యాయమేనా? అసలు ఒప్పుకోవచ్చా? తిట్లు లేకుండా చెప్పండి.

చీపురుపల్లి జంక్షన్:
మాస్టారూ, ఆగమనడమేంటి, ఆపండి. పదిహేడేళ్ళవాడికి గేరు బండి లైసెన్సు ఇవ్వరు, ఓటు ఇవ్వరు. తాతముత్తాతల దేవుణ్ణి మార్చుకోవడానికి మాత్రం వయసు చాలిందా? 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, మత ప్రచారం హక్కే గానీ ఇంకొకరిని మతం మార్చడం హక్కు కాదని. మన ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలో 1967 నుంచే చట్టం ఉంది. బలవంతంగానో ఆశపెట్టో మోసం చేసో మారిస్తే జైలు, మారింది మైనరైతే శిక్ష రెట్టింపు. ఊరికే పెట్టారా?

పదిహేడేళ్ళప్పుడు నేను కమ్యూనిస్టుని. రాత్రిపూట గోడల మీద నినాదాలు రాశాను. ఇరవై రెండుకి బ్యాంకు పరీక్ష రాశాను. ఆ వయసు సంగతి అంతే.

మూడో బెంచీ:
మేం పుట్టుకతో ఆర్సీఎం. ఆ కేసు నేనూ విన్నాను. ఇంకొకర్ని మార్చే హక్కు లేదన్నారు, మనిషి తనంతట తాను మారకూడదనలేదు. ఒడిశా చట్టం కూడా మోసానికీ బలవంతానికే. బలవంతం చెయ్యడం, ఆశలు చూపి లాగడం మా సంఘంలోనూ తప్పే, 1965లో మా బిషప్పుల వాటికన్ మహాసభ నిషేధించింది.

మాస్టారూ, ఎవరో వచ్చి రాత్రికి రాత్రి మీవాడి తలమీద నీళ్ళు పోసేస్తారన్న భయం మాత్రం వదిలెయ్యండి. ఏడేళ్ళు నిండి తెలివి వచ్చినవాళ్ళు జ్ఞానస్నానం విషయంలో మా సంఘానికి పెద్దవాళ్ళ కిందే లెక్క. పెద్దవాళ్ళంటే తొందరగా అయిపోతుందనుకునేరు, పని ఇంకా పెరుగుతుంది. తనే నోరు తెరిచి అడగాలి, సత్యోపదేశం, అంటే మా మత పాఠాలు, నేర్చుకోవాలి, కొంతకాలం అలా బతికి చూపించాలి. పద్నాలుగు నిండినవాళ్ళ సంగతి బిషప్ గారి దాకా వెళ్ళాలని 1983 నాటి మా సంఘ చట్టం కానన్ లాలో ఉంది. మన రెండు జిల్లాలకీ బిషప్ పీఠం శ్రీకాకుళమే, 1993లో విశాఖ నుంచి విడదీశారు. అన్నీ కుదిరితే ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్కాలం మొదటి ఆదివారం పేరు పిలుస్తారు. ఈస్టర్ ముందు రాత్రి పాస్కా జాగరణలో జ్ఞానస్నానం, తైలం పూసే అభ్యంగనం, అప్పం ఇచ్చే దివ్యసత్ప్రసాదం మూడూ ఒకేసారి. తల్లిదండ్రులు వద్దంటుంటే మైనరుకి ఇవ్వడానికి నాకు తెలిసిన ఫాదర్లెవరూ ముందుకు రారు.

మావాడు ఆదివారం పూజలో ఫోన్ కింద పెట్టుకుని క్రికెట్ స్కోరు చూస్తాడు. మీవాడు ట్యూషన్ ఎగ్గొట్టి మరీ వస్తున్నాడు. నిజం చెప్పాలంటే నాకు కుళ్ళుగా ఉంది.

చీపురుపల్లి జంక్షన్:
మీకు తెలిసిన ఫాదర్ల సంగతి సరే. మరి ఊరూరా ఉన్న పాస్టర్ల సంగతో?

మూడో బెంచీ:
ఫాదర్లు వేరు, పాస్టర్లు వేరు. వీధి చివర షెడ్డేసి మైకు పెట్టేవాళ్ళ లెక్క మా ఖాతాలో రాయకండి.

బొబ్బిలి బాప్టిస్టు:
షెడ్డు అన్నారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది. మా మందిరం కెనడా బాప్టిస్టు మిషన్ నాటిది, రాతి గోడలు, పెంకుల కప్పు. మీ మైకు మా వీధిలోకి కూడా వినిపిస్తుంది, క్రిస్మస్ రాత్రి.

మాస్టారూ, మేం పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వం. తెలిసి, నమ్మి అడిగినవాళ్ళకే. కాబట్టి పదిహేడు చిన్న వయసని నేననను. నాకు అర్థంకానిది ఒక్కటే, ఒక విగ్రహాన్ని వదిలి ఇంకో విగ్రహం దగ్గరికి వెళ్ళడమెందుకు? బైబిలు వాక్యం చదవమనండి.

నిర్వాహకులు:
మరియమాత స్వరూపం మీద వచ్చిన పద్నాలుగు జవాబులు తీసేశాం. ఆ వాదన వేరేగా పెట్టుకోండి. ఇక్కడ ప్రశ్న మాస్టారి కొడుకు గురించి.

వంశధార:
ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. మాస్టారూ, మీ కులం అడగను. చదివే మిగతావాళ్ళ కోసం రాస్తున్నా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్ళు మన రాష్ట్రంలో బీసీ-సీ, ఒక శాతం రిజర్వేషన్. ఎస్టీలకి ఈ గొడవ లేదు, సీతంపేట వైపు సవరలు, జాతాపులు ఏ మతంలో ఉన్నా ఎస్టీలే.

అంటే ఇంటర్ సెకండియర్లో ఉన్న ఎస్సీ కుర్రాడు నిజాయితీగా మతం మారితే, అదే ఏడాది ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కౌన్సెలింగ్‌లో సీటు మారిపోతుంది. అందుకే చాలా ఇళ్ళలో ఆదివారం చర్చి, సోమవారం సర్టిఫికెట్. ఈ రెండు నాలుకల బతుకు పిల్లలకి నేర్పింది పెద్దవాళ్ళమే. మతం గురించి పదిహేడేళ్ళవాడికి తెలీదనే ముందు ఈ లెక్క వాడికి విప్పి చెప్పారా లేదా అని అడుగుతాను నేను.

నాగావళి గట్టు:
నాలుగు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మాది శ్రీకాకుళం. నేను పదహారేళ్ళకి అడిగాను, ఇరవై ఒకటికి జ్ఞానస్నానం తీసుకున్నాను. అది జరిగి పాతికేళ్ళు కావస్తోంది.

ఎందుకు అడిగావంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. హాస్టల్లో జ్వరంతో పడుకుంటే ఒక సిస్టర్ గారు రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మార్చారు. అదే కారణమంటే అబద్ధం, ఆ రాత్రికి సంబంధం లేదన్నా అబద్ధమే. అప్పటి మా విచారణ గురువు, అంటే మా చర్చి ఫాదర్, "ఇంటర్ కానివ్వు" అన్నారు. ఇంటరయ్యాక "డిగ్రీ కానివ్వు" అన్నారు. ఏడుపొచ్చేది. ఉపదేశి గారు సైకిల్ మీద వచ్చి పాఠం చెప్పేవారు. ఒక రథసప్తమికి మా అమ్మని అరసవల్లి క్యూలో ఒక్కదాన్నే వదిలేసి ఆయన పాఠానికి పరిగెత్తాను, మెప్పు కోసం. పుస్తకం మూసేసి "తల్లిని లైన్లో వదిలి వచ్చినవాడికి నేనేం చెప్పాలి బాబూ, పద" అని సైకిలెక్కించుకుని అరసవల్లి తీసుకెళ్ళి, ఆ క్యూలోనే నన్ను దించి వెళ్ళిపోయారు.

మా నాన్నగారు రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. పక్కనే కూర్చుని భోంచేసేవారు గానీ, పప్పు కావాలంటే అమ్మకి చెప్పేవారు, గిన్నె నా చేతిలో ఉన్నా సరే.

ఇక మాస్టారు అడిగిన తలకొరివి సంగతి. కథోలికుల్లో దహనం నిషేధమేమీ కాదు, రోము 1963లోనే ఒప్పుకుంది. మా నాన్నగారు పోయిన రాత్రి ఫాదర్‌కి ఫోన్ చేశాను. "కొడుకుగా చెయ్యాల్సింది చెయ్యి. నమ్మనిది మాత్రం నోటితో అనకు" అన్నారు. నాగావళి ఒడ్డున కుండ నేనే మోశాను, నిప్పు నేనే పెట్టాను. మంత్రాలు మా బాబాయి చెప్పారు. పిండాల దగ్గర మాత్రం నేను కూర్చోలేదు, బాబాయే పెట్టారు. మా అత్తయ్య ఇప్పటికీ ఆ మాట అంటుంది. అనే హక్కు ఆవిడకుంది, నేను తల వంచుకుని వింటాను. మాస్టారూ, అన్నీ సర్దుకుంటాయని మీకు చెప్పలేను. సగం సర్దుకుంటాయి.

చీపురుపల్లి జంక్షన్:
అంటే మీరు అయిదేళ్ళు ఆగారు కాబట్టి నిలబడ్డారు. నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే కదా.

నాగావళి గట్టు:
కాదండీ. ఆగమన్నది మా నాన్న కాదు, చర్చి. మా నాన్న ఆగమని ఉంటే ఆ రాత్రే ఒడిశా బస్సెక్కేవాణ్ణి. నాకు కావాల్సినదాన్ని ఇచ్చేవాళ్ళే తొందరపడకు అన్నారు కాబట్టి కూర్చున్నాను. మీరు "ఆపండి" అంటున్నారు. ఆపినవాణ్ణి దాటడమే ఆ వయసులో పెద్ద సరదా. గోడల మీద రాసిన మీకు తెలీనిదా?

చీపురుపల్లి జంక్షన్:
గోడల సంగతి ఎత్తకుండా ఉండాల్సింది నేను. సరే, ఒకటి మాత్రం వదలను. మీ ఫాదర్ మంచివాడు, మీ ఉపదేశి మంచివాడు. అందరికీ అలాంటివాళ్ళే దొరుకుతారా? లెక్క చూపించుకోవడం కోసం తొందరపెట్టేవాడు తగిలితే? ఆ ఒక్కడి కోసమే పద్దెనిమిది అనే గీత ఉండాలంటాను.

మూడో బెంచీ:
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. గీత ఉంటే మంచిదే. కాకపోతే గీత ఇవతల ఉన్నన్నాళ్ళూ వాడు దొంగచాటుగా రాకుండా చూడండి మాస్టారూ. బయటపడి వస్తే ఎవరితో తిరుగుతున్నాడో, ఎవరేం చెప్తున్నారో మీకూ తెలుస్తుంది.

కోటవీధి మాస్టారు:
అయిదు నెలలైంది, చాలామంది ఏమైందని అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. వాణ్ణి తీసుకుని ఫాదర్ దగ్గరికి వెళ్ళాను. పోట్లాడదామనే వెళ్ళాను. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆయన మావాణ్ణి అడిగిన మొదటి ప్రశ్న, "ట్యూషన్ డబ్బులు ఏం చేశావు?"

లెక్కల మాస్టారిని అయ్యుండి నాకు ఆ ప్రశ్న తట్టలేదు చూడండి. నెలకి అయిదు వందలు, రెండేళ్ళు, పన్నెండు వేలు. మావాడు నేల చూపులు చూస్తూ "కానుకల పెట్టెలో వేశాను ఫాదర్" అన్నాడు. ఆయన ముఖం చూడాలి అప్పుడు. నాకు కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది. "ముందు మీ నాన్న బాకీ తీర్చు. తర్వాత మిగతా మాటలు" అన్నారు. ఇప్పుడు మేడమీద అద్దెకున్నవాళ్ళ ఎనిమిదో తరగతి పిల్లకి వీడు లెక్కలు చెప్తున్నాడు, నెలకి ఆరు వందలు. నాలుగు నెలలవి ఇచ్చాడు. ఇంకా తొమ్మిది వేల ఆరు వందలు.

పద్దెనిమిది జూలైలో నిండుతుంది. అప్పటిదాకా జ్ఞానస్నానం మాట ఎత్తకూడదు, ఆదివారం చెప్పే వెళ్ళాలి అనుకున్నాం. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు, కాకపోతే అన్నం తింటోంది. తలకొరివి సంగతి మేమిద్దరం ఇంకా మాట్లాడుకోలేదు. నాగావళి గట్టు గారు రాసింది ప్రింటు తీసి నా డైరీలో పెట్టుకున్నాను, వాడికి చూపించలేదు.

మొన్న ఆదివారం బస్సు దొరక్కపోతే నేనే బండి మీద దింపాను. గేటు దగ్గర దిగి "లోపలికి రా నాన్నా, వెనక కూర్చోవచ్చు" అన్నాడు. పచ్చిమిరపకాయలు అయిపోయాయని చెప్పి రైతుబజారుకి వెళ్ళిపోయాను.