ఇటలీ ఎందుకు పార్టీ మార్చింది?

హన్మకొండ పోరడు: అన్నా, గ్రూప్స్‌కి చదువుతున్నా. 1882 నుంచి జర్మనీ, ఆస్ట్రియా-హంగరీలతో కూటమిలో ఉన్న ఇటలీ మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో వాళ్ల మీదికే ఎట్లా పోయింది? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

కాజీపేట జంక్షన్: అది ఆత్మరక్షణ ఒప్పందం తమ్ముడూ. 1914లో సెర్బియా మీదికి ముందు పోయింది ఆస్ట్రియానే కదా, అందుకే ఇటలీ తటస్థంగా కూర్చుంది, తర్వాత 1915 ఏప్రిల్‌లో లండన్ రహస్య ఒప్పందంలో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాలు ఆస్ట్రియా చేతిలోని ట్రెంటినో, ట్రియెస్ట్ ప్రాంతాలు ఇస్తామనగానే మే 23న ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటించింది. జర్మనీ మీద మాత్రం 1916 ఆగస్టులో!

జనగామ సార్: 1914 సెప్టెంబర్‌లో పారిస్‌కి దగ్గర్లో మార్న్ నది దగ్గర జర్మన్లు ఆగిపోయారు, అది మరవకు. పారిస్ పడిపోయుంటే ఇటలీ ఇంత బేరమాడేదా? నాకైతే డౌటే.

హన్మకొండ పోరడు: మరి టర్కీ సార్?

జనగామ సార్: అది 1914 అక్టోబర్ చివర్లోనే నల్ల సముద్రంలో రష్యా రేవుల మీద కాల్పులు జరిపి జర్మనీ వైపు దిగింది.