సెమీ క్రిస్మస్‌ల హడావిడిలో అడ్వెంట్ ఎలా గడుపుతున్నారు?

కూకట్‌పల్లి కోడలు:
అందరికీ వందనాలు. మాది సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఎదురుచూపు కాలాన్ని అడ్వెంట్ అంటాం. నవంబరు 30న అడ్వెంట్ మొదటి ఆదివారం. బల్ల మీద ఊదారంగు గుడ్డ పరిచారు, కొవ్వొత్తుల చక్రంలో మొదటిది వెలిగించారు, అంతే. ఆ వారమే ఆఫీసులో సెమీ క్రిస్మస్ (పండగకు ముందే జరిపే వేడుక), తర్వాత అపార్ట్‌మెంట్‌లో, మొన్న యూత్ వాళ్లది. ఎక్కడ చూసినా అదే కేకు, అదే క్రిస్మస్ తాత. ఆరేళ్ల మా బాబు "క్రిస్మస్ అయిపోయిందిగా, మళ్లీ ఎందుకు?" అంటున్నాడు. ఎదురుచూడటంలోనే సంతోషం ఉందని అయ్యగారు ప్రసంగంలో చెప్పారు. సరే, ఇంట్లో అది ఎలా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఫిరంగిపురం వాడిని:
మా కతోలిక గుడిలో ఈ నాలుగు ఆదివారాలూ గ్లోరియా అనే మహిమ గీతం పాడరు. క్రిస్మస్ రాత్రి గంటలు మోగుతుండగా ఒక్కసారి అందుకుంటారు, అప్పుడు చూడాలండీ జనం గొంతులు! మూడో ఆదివారం, అంటే ఈ 14న, గురువుగారు ఊదా బదులు గులాబి రంగు వస్త్రాలు వేసుకోవచ్చు. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్న పౌలు మాట ఆ రోజుది. మీరు ఇంట్లో పశువుల పాక పెట్టండి. బాల యేసును పడుకోబెట్టే తొట్టి మాత్రం 24 రాత్రి దాకా ఖాళీగా ఉంచండి.

మెదక్ టీచరమ్మ:
అమ్మాయ్, మీవాడు సరిగ్గానే అడిగాడు. కేకు తిన్నాక ఇంకా దేనికోసం చూడాలి?

చేతికి పని లేకుండా ఎదురుచూడమంటే పిల్లలకే కాదు, నాకూ విసుగే. 1839లో హాంబర్గ్‌లో విహెర్న్ అనే ఆయన పేదపిల్లల ఆశ్రమం నడిపేవాడు. పండగెప్పుడు, పండగెప్పుడు అని పిల్లలు ప్రాణం తీస్తుంటే ఒక బండిచక్రం మీద కొవ్వొత్తులు పెట్టాడట. ఆదివారాలకు పెద్దవి, మిగతా రోజులకు చిన్నవి, రోజుకొకటి వెలిగించాలి. మీ చర్చిలో కొవ్వొత్తుల చక్రానికి మూలం అదే.

మా నాన్నకు చక్రం తెలియదు, ఇంటి ముందు వేలాడదీసే క్రిస్మస్ స్టార్ తెలుసు. మొదటి ఆదివారం వెదురు బద్దలు చీల్చి, పీచు లేకుండా కత్తితో గీకి, నీళ్లలో నానేసేవాడు. తర్వాతి వారం ఐదు కోణాల చట్రాలు రెండు కట్టి, మధ్యలో పుల్లలు పెట్టి ఉబ్బేలా చేసేవాడు. ఆపైన మైదా జిగురుతో రంగు కాగితం అంటించడం మా వంతు. కాగితం వదులుగా ఉంటే నీళ్లు చిలకరించి ఆరబెట్టేవాళ్లం, ఆరాక డప్పులా బిగిసేది. బల్బు మాత్రం 24 రాత్రే. ముందే వెలిగించమని ఎంత ఏడ్చినా ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు రెడీమేడ్ స్టార్ కొని పది నిమిషాల్లో తగిలిస్తున్నారు, ఇక డిసెంబరు నెలంతా ఏం చేస్తారు?

రాత్రిపూట బైబిల్లో లూకా సువార్త మొదటి అధ్యాయం కొంచెం కొంచెంగా చదివి వినిపించు. యేసు తల్లి మరియ వందనం వినగానే ఆమె బంధువు ఎలీసబెతు గర్భంలోని శిశువు ఆనందంతో గంతులు వేశాడు. అప్పటికి యేసు ఇంకా పుట్టనే లేదు, గమనించావా!

మా మెదక్ చర్చి పని 1914లో మొదలైతే ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబరు 25న. కరువులో జనానికి కూలి దొరకాలని మిషనరీ పోస్నెట్ దొర ఆ పని పెట్టించాడని మావైపు చెప్పుకుంటారు. రాళ్లు మోసినవాళ్లు ఆ పదేళ్లూ దిగులుగా కూర్చోలేదు కదా.

యూత్ సెక్రటరీ:
టీచరమ్మగారూ, సెమీ క్రిస్మస్‌ను మరీ తీసిపారేయకండి. మా పాస్టరుగారు చాలా ఊళ్లు చూసుకోవాలి, 25న అన్నిచోట్లా ఎలా ఉంటారు? పైగా ఆఫీసులో హిందూ, ముస్లిం స్నేహితులు వచ్చేది ఆ ప్రోగ్రాంకే.

మెదక్ టీచరమ్మ:
పాస్టరుగారి సంగతి నిజమే బాబూ, ఒప్పుకున్నాను. ఊరికొకటి పెట్టుకోండి. ఒకే కుటుంబం అన్నింటికీ తిరగాలని ఎక్కడుంది?

కూకట్‌పల్లి కోడలు:
అందరికీ థాంక్సండీ. అపార్ట్‌మెంట్‌ది ఎలాగూ అయిపోయింది, మావారి ఆఫీసుది మానేస్తాం. వెదురు బద్దలు మేదరివాళ్ల దగ్గర దొరుకుతాయి. టీచరమ్మగారూ, మైదా జిగురుకు పురుగు పట్టదా?

మెదక్ టీచరమ్మ:
పడుతుంది. అప్పట్లో చిటికెడు మైలతుత్తం కలిపేవాళ్లం, అది విషం, పిల్లాడున్న ఇంట్లో వద్దు. ఏ రోజు జిగురు ఆ రోజే ఉడికించుకో. పలచగా ఉండాలి సుమా, చిక్కగా రాస్తే ఆరాక కాగితం ముడతలు పడుతుంది.