అప్‌డేట్: ఆరుబయట కబడ్డీకి 100 ఐఎస్ఓ ఫిల్ము రీలు

మా ఊరి సంక్రాంతి కబడ్డీ పోటీలను ఫొటోలు తీయడానికి 100 ఐఎస్ఓ (ఫిల్ము వేగం; అంకె పెరిగేకొద్దీ తక్కువ వెలుతురు చాలు) రీలు సరిపోతుందా, 400 కొనక తప్పదా అని ఇంతకుముందు అడిగాను. ఎండ ఉన్నంతసేపు 100 చాలునని, నీడ పడితే కష్టమని చెప్పిన వారందరికీ కృతజ్ఞతలు. అక్షరాలా అలాగే జరిగింది.

రెండు కొడాక్ ఎక్టార్ 100 రీళ్లు, ఎఫ్/4 వరకు తెరుచుకునే (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది) 200 ఎంఎం లెన్స్ తీసుకెళ్లాను. నిండు ఎండలో ఎఫ్/16 వద్ద సెకనులో 125వ వంతు అనే పాత లెక్క ప్రకారం ఎఫ్/4 వద్ద 2000వ వంతు వస్తుంది. నా కెమెరా షట్టర్ 1000 దాటదు కనుక ఎఫ్/5.6 వద్దే తీశాను. కూతకు వెళ్లిన కుర్రాడి మడమ కింద నుంచి ఎగిరిన మట్టి పెళ్లలు, మోచేతికి అంటిన దుమ్ము పెద్ద ప్రింటులో కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. తక్కువ వేగపు, అంటే సన్నని రేణువుల రీలు కావాలని నేను పట్టుబట్టింది ఇందుకే.

నాలుగున్నర దాటాక వేపచెట్ల నీడ బరి మీదికి వచ్చి వెలుతురు మూడు స్టాపులు, అంటే ఎనిమిదో వంతుకు పడిపోయింది. ఎఫ్/4 వద్ద 250వ వంతే దక్కడంతో రెండో రీలులో సగానికి పైగా బొమ్మల్లో కాళ్లు, చేతులు చెదిరిపోయాయి. పట్టు బిగిసి ఇద్దరూ లిప్తపాటు కదలకుండా ఉన్నప్పుడు నొక్కినవి మాత్రం నిలిచాయి, వాటిలో ఒకటి నాకు చాలా ఇష్టం. వచ్చే ఏడు మధ్యాహ్నం వరకు ఎక్టార్, ఆపైన పోర్ట్రా 400 వాడతాను.