కాళ్ళు తడబడుతుంటే మెడకి ఎమ్మారై ఎందుకు?

కనిగిరి కుర్రోడు:
తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి. మా నాన్నకి 61. ఏడాదిగా కాళ్ళు బిగదీసుకుపోయినట్టు నడుస్తున్నాడు, మోకాళ్ళ అరుగుదలేమో అనుకుని ఊరుకున్నాం. పోయిన నెల గేటు దగ్గర్నుంచి వరండా దాకా నడిచొచ్చి కూర్చున్నాడు, చూస్తే ఒక కాలికి చెప్పు లేదు. అది గేటు దగ్గరే జారిపోయి ఉంది, ఆయనకి తెలియనే తెలియదు. అప్పుడు నిజంగా భయమేసింది. ఒక ఆసుపత్రిలో నడుముకి ఎమ్మారై తీసి, నడుము పూసల్లో కిందివైన ఎల్4-ఎల్5 మధ్య డిస్కు కొంచెం ఉబ్బింది, ఈ వయసులో మామూలేనని బిళ్ళలు రాశారు. ఏం తగ్గలేదు. ఇప్పుడు గుంటూరులో ఇంకో డాక్టరు చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టి చూసి, మెడకీ వీపుకీ ఎమ్మారై తీయించుకు రమ్మన్నాడు. జబ్బు కాళ్ళకైతే మెడకెందుకు? ఆయనకి మెడనొప్పే లేదు. డబ్బుల కోసమేనా ఇదంతా? పైగా మొన్న ఆ శబ్దానికి హడలిపోయి, మళ్ళీ ఆ గొట్టంలోకి పోనంటున్నాడు.

న్యూరో పీజీ:
డబ్బుల కోసం కాదు బ్రో, నన్నడిగితే ముందు తీయాల్సింది ఇదే. వెన్నుపాము వెన్నెముక చివరిదాకా ఉండదు. పెద్దవాళ్ళలో నడుము పై పూసలు ఎల్1-ఎల్2 దగ్గరే అయిపోతుంది, ఆ కింద ఉండేవన్నీ నరాల పోగులు. నడుము ఎమ్మారైలో వెన్నుపాము తోక కొస మాత్రమే పడుతుంది, అది బాగుందంటే పైన బాగున్నట్టు కాదు. మెదడు నుంచి కాళ్ళకి వెళ్ళే దారులన్నీ మెడ మీదుగానే దిగాలి కాబట్టి అక్కడ నొక్కుకున్నా కాళ్ళే బిగుస్తాయి, నొప్పి ఉండాలని కూడా లేదు. ఆ సుత్తి సంగతి చెప్పు. కొట్టగానే కాలు బాగా ఎగిరిందా? నడుములో నరం నొక్కుకుంటే ఆ ఎగురుడు తగ్గుతుంది, పైన వెన్నుపాము నొక్కుకుంటే ఎక్కువవుతుంది. మెడలో నొక్కుకుంటే చేతులూ తడబడతాయి, చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నాడా? మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కాళ్ళు ఉన్నట్టుండి పడిపోయినా అపాయింట్‌మెంట్ అంటూ కూర్చోకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు.

కనిగిరి కుర్రోడు:
ఎగరడమా అన్నా, డాక్టరు గారికి తగిలేంత ఎగిరింది. మూత్రం బాగానే ఉంది. గుండీలు అమ్మ పెడుతోంది. అన్నం కలుపుకోవడం రావట్లేదేమో, రెండు నెలలుగా స్పూను అడుగుతున్నాడు, మేం నవ్వాం కూడా.

స్కాన్ రూమ్:
నేను టెక్నీషియన్ని. శబ్దం గురించి నాన్నగారికి ముందే చెప్పండి. లోపలి కాయిళ్ళలో కరెంటు చకచకా మారుతుంటే అవి అదిరి చప్పుడు చేస్తాయి, అంతకుమించి ఏమీ లేదు. చెవుల్లో పెట్టుకోవడానికి ఇస్తారు, చేతిలో బెల్లు ఇస్తారు. ఎక్స్-రే కాదు కాబట్టి రెండోసారి తీస్తే రేడియేషన్ భయం లేదు. మెడ స్కానులో అసలు తంటా గుటక. మింగినప్పుడల్లా బొమ్మ మసకబారుతుంది. చప్పుడు వస్తున్నంతసేపూ మింగకుండా, ఆగినప్పుడు మింగమనండి, సగం పని అయిపోయినట్టే. రంగు సూది అందరికీ అక్కర్లేదు. గడ్డ, ఇన్‌ఫెక్షన్, వాపు లాంటి అనుమానం ఉంటే ఇస్తారు, దానికి ముందు కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిపే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చూస్తారు. పాత సీడీ మర్చిపోకుండా తీసుకెళ్ళండి.

మర్రిగూడ అక్క:
కనిగిరి అన్నావు కాబట్టి చెప్తున్నా తమ్ముడూ, మాది నల్లగొండ జిల్లా. మా అమ్మకీ ఇలాగే మొదలైంది. ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగితే వెన్నెముకలో పూసల్ని కలిపి ఉంచే పట్టీలు, అదే లిగమెంట్లు, ఎముకలా గట్టిపడి వెన్నుపామును నొక్కుతాయి. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది కూడా మీ వైపే, 1937లో, అప్పుడు అదంతా నెల్లూరు జిల్లా. మీ నాన్నకి అదేనని కాదు, ఫ్లోరైడ్ లేని ఊళ్ళలో కూడా డిస్కుల వల్ల, లిగమెంట్ల వల్ల ఇలా అవుతుంది. అయినా చిన్నప్పటి నుంచి బోరు నీళ్ళే తాగాడని డాక్టరుకి చెప్పు, మేం చెప్పక నాలుగు నెలలు తిరిగాం. అమ్మ ఫిల్ము లైటుకి పెట్టి చూపించారు. వెన్నుపాముకి అటూ ఇటూ నీళ్ళు తెల్ల చారల్లా కనపడతాయి, అమ్మకి మెడ మధ్యలో ఆ తెలుపు తెగిపోయింది, నల్లటిదేదో లోపలికి పొడుచుకొచ్చింది, అక్కడే వెన్నుపాము లోపల చిన్న తెల్ల మచ్చ. ఆ నల్లటిది ఎముకో కాదో తేల్చడానికి సీటీ కూడా తీశారు. ఆపరేషన్ అయింది. పూర్తిగా మామూలు అవలేదు, అబద్ధం చెప్పను, కర్రతో బజారుకి వెళ్ళొస్తుంది. ముందే వెళ్ళుంటే ఇంకొంచెం బాగుండేదని డాక్టరన్నారు.

న్యూరో పీజీ:
అక్క చెప్పింది కరెక్టే. ఆ తెల్ల మచ్చ వాపు కావచ్చు, దెబ్బతిన్న భాగం కావచ్చు, రిపోర్టులో ఆ ముక్క చూసి టెన్షన్ పడకు. ఫిల్మూ మనిషీ రెండూ చూసి చెప్పాలి.

కనిగిరి కుర్రోడు:
థాంక్స్ అందరికీ. రేపే తీయిస్తున్నాం. నాన్న ఒప్పుకున్నాడు, కాకపోతే నేనూ లోపలికి రావాలట. రానిస్తారా?

స్కాన్ రూమ్:
చాలాచోట్ల రానిస్తారు, ముందు అడగండి. ఫోను, తాళాలు, ఏటీఎం కార్డు బయటే పెట్టండి. మీ ఒంట్లో పేస్‌మేకర్, ఇనుప ముక్క ఏమైనా ఉంటే ముందే చెప్పండి. నాన్నగారి మొలతాడుకి తాయెత్తు ఉంటే ఇంటి దగ్గరే తీసేయండి, చాలామంది టేబుల్ మీద పడుకున్నాక గుర్తుచేసుకుంటారు.