క్రైస్తవ పాటల వీడియో చూసి ఏడుపొస్తే, అది పాట పనా? కెమెరా పనా?

కువైట్_బండి
అందరికీ వందనాలు. మాది రాజోలు దగ్గర. కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేస్తున్నాను. ఇక్కడ మా ఆరాధన శుక్రవారం, డ్యూటీ పడితే అదీ ఉండదు. మేడమ్ మాల్‌లోకి వెళ్తే పార్కింగ్‌లో కూర్చుని యూట్యూబ్‌లో పాటలు పెట్టుకుంటాను. మొన్న ఒక పాటలో ముసలావిడ గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతుంటుంది, కొడుకు బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోతాడు. అంతే, ఏడుపు ఆగలేదు. తీరా తర్వాత చూస్తే పాటలో ఒక్క మాట గుర్తు లేదు, చాట మాత్రం గుర్తుంది. దేవుడు మాట్లాడినట్టా ఇది, అమ్మ గుర్తొచ్చినట్టా? మీకెవరికైనా ఇలా అయిందా?

రాత్రి_డ్యూటీ
అన్నా, రెండూ ఎందుకు కాకూడదు? నేను నర్సుని. 2021 మే నెల, కోవిడ్ వార్డు. ఒక పెద్దాయన ఆక్సిజన్ మాస్కు పదే పదే లాగేసుకునేవారు. వాళ్ళమ్మాయి ఒక పాట వీడియో వాట్సాప్‌లో పంపి, నాన్నకి చూపించండి అని బతిమాలింది. ఆయనకి కళ్ళజోడు లేదు, తెర మీద ఏముందో కనపడదు. ఫోన్ చెవి పక్కన పెట్టాను. చరణం మొదలయ్యేసరికి మంచం రాడ్ మీద ఆయన చూపుడు వేలు తాళం వేస్తోంది. సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, పెరిగిందని అబద్ధం చెప్పను, పెరగలేదు. మాస్కు లాగడం మాత్రం ఆ రాత్రికి ఆపారు. అప్పటినుంచి నేను కూడా ఫోన్ బోర్లా పెట్టే వింటాను.

ఎడిటింగ్_టేబుల్
ఇది నా సబ్జెక్టు. పెళ్ళి ముహూర్తాలు లేని నెలల్లో మా వీడియో ఎడిటర్లకి అన్నం పెట్టేది క్రైస్తవ పాటలే. లోపలి సంగతి చెప్తాను, ఎవరూ కోప్పడకండి. చాట షాట్ సెకనుకి 50 ఫ్రేముల్లో తీసి 25లో వదిలి ఉంటారు, అందుకే బియ్యం గాల్లో అంత నెమ్మదిగా లేచి పడతాయి. పల్లవి రెండోసారి వచ్చేచోట డ్రోన్ పైకి లేస్తుంది. చివరి చరణానికి ముందు వాయిద్యాలన్నీ ఆపేసి ఒక్క వేణువు ఉంచుతాం. కన్నీళ్ళకి గ్లిజరిన్ ఉండనే ఉంది.

ఇన్ని తెలిసిన నాకు కూడా ఒకసారి జరిగింది. యెషయా 49:15 మీద కట్టిన పాట, తల్లి మరచినా నేను మరువను అనే వాక్యం. రాత్రి రెండింటికి కట్ చేస్తూ ఆ ముక్కే ఓ నలభైసార్లు విని ఉంటాను. నాన్నతో నాకు మూడేళ్ళుగా మాటల్లేవు. ఫోన్ చేశానని సాక్ష్యం చెప్పాలనుంది కానీ చేయలేదు. నంబరు తీసి చూశాను, అంతే.

పాత_కీర్తన
ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి. బొమ్మ ఉండదు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) రాసినవి మా అమ్మ కళ్ళు మూసుకుని పాడేది. సిలువ ఎలా ఉందో ఎవరికి వాళ్ళు చూసుకోవాల్సిందే. ఇప్పుడు సిలువ పాటలో కూడా బ్రదర్ గారి బ్లేజరు, వెనక మంచుకొండలు! యేసుని సిలువ వేసిన గొల్గొతాకీ ఆ మంచుకీ ఏమిటి సంబంధం?

తెర_ముందు
పెద్దాయనా, బొమ్మని అంత తీసిపారేయకండి. ‘కరుణామయుడు’ 1978లో వచ్చింది. నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఖాళీ స్థలంలో తెర కట్టి వేశారు. మాది హిందూ కుటుంబం. మోదుకూరి జాన్సన్ రాసి, బాలు పాడిన ‘కదిలింది కరుణరథం’ వస్తోంది, విజయచందర్ సిలువ మోస్తున్నాడు. మా నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆయన పడ్డప్పుడల్లా "అయ్యో నాయనా" అంటూనే ఉంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కార్తీక మాసంలో దీపాలు పెడుతూ కూడా ఆ పాటే కూనిరాగం తీసేది. ఆవిడకి అందులో తేడా ఏమీ కనపడలేదు. తెర లేకపోతే ఆ పాట ఆవిడ దాకా వచ్చేదే కాదు.

వాక్య_విద్యార్థి
ఈ గొడవ ఇవాళ్టిది కాదు. అగస్టీన్ అనే క్రైస్తవ బిషప్పు పదహారు వందల ఏళ్ళ కిందటే తన ‘కన్ఫెషన్స్’ పుస్తకం పదో భాగంలో దీని గురించే మథనపడ్డాడు. పాటలోని విషయం కంటే పాడటమే తనని ఎక్కువ కదిలిస్తే, అది పాపమేనని ఒప్పుకుంటాడు. అలాంటప్పుడు అసలు వినకపోయినా బాగుండేది అంటాడు. అయితే విశ్వాసం కొత్తలో సంఘంలో పాటలు విని కార్చిన కన్నీళ్ళు గుర్తొచ్చి, చివరికి పాట ఉండాలనే వైపే మొగ్గుతాడు. చాట షాట్ చూస్తే ఏమనేవాడో మరి.

చిన్నక్క_78
ఒక్క జాగ్రత్త చెప్పి వెళ్తాను. పాటలు విను, మాత్రలు మానెయ్, అదే తగ్గిపోతుంది అని ఒకాయన అంటే మా చెల్లి డిప్రెషన్ మందులు మానేసింది. నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడు మాత్రలూ వేసుకుంటోంది, పాటలూ వింటోంది. దయచేసి ఒకదాని బదులు ఇంకొకటి చెప్పకండి.

మోకాళ్ళ_మీద
అన్నీ సరే, పాట అయిపోయి ఇంకా కళ్ళు మూసుకునే ఉంటానా, అప్పుడే రమ్మీ ఆడండి అని ప్రకటన. ఆ ఆదరణంతా పోయింది. దీనికేదైనా ఉపాయముంటే చెప్పండి.

కువైట్_బండి
అందరికీ థాంక్స్. నర్సు చెల్లెమ్మ చెప్పినట్టు ఈ శుక్రవారం ఫోన్ డాష్‌బోర్డు మీద బోర్లా పెట్టి విన్నాను. రెండో చరణంలో దారి తప్పిన గొర్రె మాట ఉంది, మొన్న అది నా చెవిన పడనే లేదు. ఏడుపు రాలేదు. కాసేపు ఏసీ కూడా వేసుకోకుండా అలాగే కూర్చున్నాను.

లింకు అమ్మకి పంపాను. రాత్రి ఫోన్ చేసి, "పాట బాగుంది గానీ ఒరేయ్, ఆవిడెవరో చాట తిరగేసి పట్టుకుంది, చెరగడం రాదు పాపం" అంది.