కావలిలో చెట్టు ఫెర్న్ నిలుస్తుందా?

కావలి నుంచి ప్రశ్న:
మామిడి నీడన సయాథియా జాతి చెట్టు ఫెర్న్ (చెట్టులా కాండం పెరిగే, పూలు పూయని మొక్క) మొక్కను కార్తీకంలో నాటాను. సంక్రాంతి దాకా చక్కగా పెరిగిన మొక్కకు, ఎండలు ముదిరేసరికి ఆకుల అంచులు మాడి, చుట్టగా వచ్చిన కొత్త ఆకు విప్పుకోకుండానే నల్లబడింది. రెండు పూటలా బోరు నీళ్లు పోస్తున్నాను. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పగలరా?

నెల్లూరు నుంచి:
నా అనుమానం బోరు మీదేనండీ. తీరానికి దగ్గరగా ఉన్న మన ఊళ్లలో చాలా బోర్లలో ఉప్పు ఎక్కువ. అది మట్టిలో పేరుకుంటే ఎంత తడిపినా అంచులు మాడుతూనే ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనకు పడే ఈశాన్య రుతుపవనాల వాననీటిని తొట్టిలో పట్టి, ఈ ఒక్క మొక్కకైనా అదే వాడండి. కాండాన్ని కప్పి ఉండేవి కూడా వేళ్లే కనుక నీటిని దాని మీద కూడా చిలకరించాలి. ఇక వేసవి పడమటి గాలికి మామిడి నీడ చాలదు, ఆ వైపు తడిక కట్టండి.

ఉదయగిరి నుంచి:
ఇంత శ్రమ ఎందుకని నాకనిపిస్తుంది. రాతి సందుల్లో పెరిగే మయూరశిఖ కూడా ఫెర్నే. ఎండకు ముడుచుకుపోయి, వాన పడగానే మళ్లీ పచ్చబడుతుంది. అయితే దానికి మీ తడి నేల నచ్చదు.

ఒంగోలు నుంచి:
ఈ మొక్క పోయినా కొండల నుంచి తవ్వి తెచ్చినదాన్ని మాత్రం కొనకండి. సయాథియా జాతి అంతర్జాతీయ వ్యాపారం సైటీస్ (అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం) రెండో అనుబంధం కింద నియంత్రణలో ఉంది. దాని బదులు మీరే పెంచుకోవచ్చు: ఫెర్న్ ఆకు అడుగున ఉండే సిద్ధబీజాలను (విత్తనాలకు బదులుగా ఉండే పొడిలాంటి కణాలను) తడి కొబ్బరిపొట్టుపై చల్లి గాజుమూత పెడితే, ముందు పలచని పచ్చపొర వస్తుంది. దాని మీద నీటితడి ఉంటేనే ఫలదీకరణ జరిగి అసలు మొక్క పుడుతుంది.